మహారాజ్యముల స్థిరత్వము – మన జీవనము

ప్రపంచమునందలి మహారాజ్యములలో నేది స్థిరమైనది యను ప్రశ్న మన నగరమున వట్టి కాలక్షేపపు చర్చ కాదు. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయిగారు మాదాపూరునందు సైబరు టవర్సును ప్రారంభించినది మొదలు, అచ్చటి సౌధములలో పనిచేయు మన యువజనుల జీవనము దూరదేశముల రాజకీయములతో ముడివడియున్నది. వారి పనిని హెచ్చుగా కొనునది అమెరికా.

అమెరికాలో కలహము బయటికి కనబడును. 2025 అక్టోబరు 1వ తేదీ మొదలు 43 దినములు బడ్జెటు తగవు వలన ప్రభుత్వ కార్యాలయము లనేకములు మూతపడెను. దాని ఋణయోగ్యతకు గల అత్యున్నతస్థానమును 2011, 2023, 2025 సంవత్సరములలో మూడు ప్రధాన సంస్థలు ఒకదానివెంట నొకటి తగ్గించినవి. అయినను అచ్చట పాలకుని న్యాయస్థానము ప్రశ్నింపగలదు, ప్రజలు మార్చగలరు.

చైనాలో కలహము వినబడదు. 2018లో అధ్యక్షుని పదవీకాలమునకు గల హద్దును తొలగించినపుడు వారి మహాసభలో వ్యతిరేకముగా పడిన వోట్లు రెండే. కాని ఎవర్‌గ్రాండ్ అను గృహనిర్మాణసంస్థ 30,000 కోట్ల డాలర్లకు పైబడిన అప్పులతో కూలిపోగా, 2024 జనవరిలో హాంగ్‌కాంగు న్యాయస్థానము దానిని మూసివేయ నాజ్ఞాపించెను. నిశ్శబ్దము స్థిరత్వము కాదని 1991లో సోవియటు రాజ్యపతనము చాటియేయున్నది.

కావున అమెరికాయే మేలని కొందరు తృప్తిపడుదురు. మేలనుట నిజమే, తృప్తికి మాత్రము కారణము లేదు. 2025 సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు ట్రంపు క్రొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించినపుడు ఆ రాజ్యము తలక్రిందులు కాలేదు. తలక్రిందులైనవి మన యిండ్లలోని లెక్కలు. అప్పుచేసి కుమార్తెను అచ్చటికి చదువునకు పంపిన తండ్రికి ఆ రాత్రి నిద్రపట్టియుండదు. రాజ్యము తన ప్రజలకు స్థిరమైనంతమాత్రమున పరులకును స్థిరము కానేరదు. అచ్చట మనకు వోటు లేదు.

ఇందులకు విరుగుడు మరియొక మహారాజ్యపు నీడను వెదకుకొనుట కాదు. 2008లో అమెరికా బ్యాంకులు కూలినపుడే మనము నేర్వవలసిన పాఠమిది. ఐరోపా, జపాను, గల్ఫు దేశములలో మన పనిని కొనువారిని పెంచుకొనుట యొక మార్గము. మన ఆస్పత్రులకు, పొలములకు, న్యాయస్థానములకు అక్కరకువచ్చు సాధనములను మన భాషలోనే నిర్మించుట అంతకంటె ముఖ్యము. క్రొత్త సంస్థలకు భూము లిచ్చునపుడు హైదరాబాదు, అమరావతి ప్రభుత్వములు ఒక్క ప్రశ్న వేయవలెను: ఇందు జరుగు పనిలో స్వదేశమునకు ఉపకరించున దెంత? దానికి సరియైన యుత్తరము లభించువరకు, వాషింగ్టనులో పడు ప్రతి సంతకమునకును మాదాపూరు ఉలికిపడుచునే యుండును.