చోడి అంబలి తాగడానికి సిగ్గెందుకు?



మొన్న సంతలో చూసిన సంగతి చెప్తాను. మా పక్క ఊరి అక్క ఒకావిడ కొండ మీద నుంచి చోళ్లు మోసుకొచ్చింది. షావుకారు చెప్పిన రేటుకే ఇచ్చేసింది. ఆ డబ్బుల్లోంచే పిల్లలకి నూడుల్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ సీసా కొనుక్కుని వెళ్లిపోయింది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు. నేనూ అదే పని చేశాను.

హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికొస్తే అమ్మ చోడి అంబలి పోసేది. నేను ముట్టుకునేదాన్ని కాదు. "ఇంకా ఇదేనా? అన్నం వండమ్మా" అని విసుక్కునేదాన్ని. మా పుస్తకాల్లో చోడి లేదు, సామ లేదు. క్లాసులో ఎవరైనా అంబలి పేరెత్తితే నవ్వేవాళ్లం. డిగ్రీ రెండో ఏడాదిలో మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పరీక్ష చేస్తే రక్తం 8 గ్రాములే ఉంది. "ఏం తింటున్నావమ్మా?" అని నర్సక్క అడిగింది. పొద్దున టీ బిస్కెట్, మధ్యాహ్నం అన్నం నీళ్ల పప్పు, రాత్రి అన్నం చారు. చెప్తుంటే నాకే సిగ్గేసింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. మిల్లు పట్టిన తెల్ల బియ్యంలో 8 కూడా లేదు. ఇనుము చోళ్లలో 4.6 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.65. పీచు చోళ్లలో 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. మనం వెనకబాటు అనుకుని వదిలేసింది ఇదీ!

డిపో బియ్యం మన ఆకలి తీర్చింది, కాదనను. మామిడి టెంకల అంబలితో వానాకాలం గడిపిన రోజులు మన పెద్దోళ్లకి ఇంకా గుర్తే. కానీ కడుపు నిండడం వేరు, ఒంటికి బలం రావడం వేరు. చోడి చేలో కంది, జొన్న కలిపి వేసేవాళ్లం. పక్కనే సామలు, వలిసెలు. అడవిలో దుంపలు, ఆకుకూరలు, వెదురు కొమ్ములు. కంచంలో పది రకాలుండేవి. ఇప్పుడు ఆ కొండవాలుల్లో చాలా చోట్ల జీడి తోటలు, నీలగిరి తోటలు. కంచంలో మాత్రం ఒక్క బియ్యమే. మనం చౌకగా అమ్మేసిన గింజే పట్నంలో 'మిల్లెట్స్' అని పేరు మార్చుకుని అద్దాల షాపుల్లో కూర్చుంది.

అందుకే ఇది వంటింటి విషయం మాత్రమే కాదు, హక్కుల విషయం. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. మరి మన డిపోల్లో చోళ్లు ఏవి? 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకి 4,886 రూపాయలు. మన సంతలో ఆ ధర ఎంతమందికి దక్కుతోంది? పక్కనున్న ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ పెట్టి, కోరాపుట్ లాంటి ఆదివాసీ జిల్లాల్లో రైతుల దగ్గర చోళ్లు కొని రేషన్‌లో ఇచ్చింది. కొండ అవతల జరిగింది ఇవతల ఎందుకు జరగదు? ఊరూరా గ్రామసభల్లో తీర్మానం చేద్దాం: మా చోళ్లు మద్దతు ధరకి కొనండి, మా డిపోలో, అంగన్‌వాడీలో, ఆశ్రమ పాఠశాలలో పెట్టండి. 1996 పెసా చట్టం గ్రామసభకి గొంతు ఇచ్చింది. దాన్ని వాడుకోవాల్సింది మనమే.

ఇంట్లో చేసుకోగలిగినవీ ఉన్నాయి. చోళ్లు నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అంబలితో పాటు ఉసిరికాయో నిమ్మకాయో ఉంటే ఇంకా మంచిది. భోజనం అవ్వగానే టీ తాగొద్దు, ఇనుముని పట్టనివ్వదు. వారానికి నాలుగు రోజులైనా ఆకుకూర, ఉలవలో కందులో ఉండేలా చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. రక్తం తక్కువంటే అందరికీ కారణం ఒకటే కాదు. మన జనంలో సికిల్ సెల్ కూడా ఉంది. అంబలి దానికి మందు కాదు. ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోండి, డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానొద్దు.

చివరగా హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మ అంబలి పోస్తే కాదనకండి. విత్తనం ఎక్కడ దాచిందో కూడా అడగండి. కొన్ని ఇళ్లలో ఆ మూట ఇంకా అటక మీదే ఉంది. ఎలుకలు తినకముందే దాన్ని చేలోకి దించుదాం.

జై ఆదివాసీ!