నోటిమాటకు తోడు ఒక చీటీ

మన నేత కుటుంబములలో మాటకు విలువ ఎక్కువ. బయానా పుచ్చుకొని మగ్గమునకు పడుగు ఎక్కించిన తరువాత వెనుకకు పోవుట మన ఇంటా వంటా లేదు. అయినను షోలాపురములో గాని, సేలములో గాని, బరంపురములో గాని, ఒప్పందము చెడినపుడు ముందుగా దెబ్బతినువాడు మగ్గము ముందు కూర్చున్నవాడే. చట్టము లేక కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము నేటికిని అమలులో ఉన్నది. మనము దానిని తెలిసికొనకపోవుటయే లోపము.

మా అనుభవమే చెప్పెదము. ఒక దుకాణమువారు మాకు చీరల ఆర్డరు ఇచ్చి, సగము నేసిన పిమ్మట, "ఇక సొమ్ము ఫలానివారు ఇత్తురు" అని చేతులు దులుపుకొనిరి. ఆ ఫలానివారు మమ్ము ఎరుగమనిరి. మేము ఊరకుంటిమి. అది మా పొరపాటు. రావలసిన సొమ్ముపై హక్కును సాధారణముగా మరొకరికి బదలాయింపవచ్చును గాని, ఇవ్వవలసిన బాధ్యతను ఎదుటివాని సమ్మతి లేక మరొకరి నెత్తిన వేయరాదు. 1962లో ఖర్దా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ భేదమునే చెప్పినది.

ఇక అసాధ్యమగుట. ఒప్పుకొన్న తరువాత ఎవరి తప్పు లేకుండ పని అసాధ్యమైనచో, 56వ సెక్షను ప్రకారము ఒప్పందము రద్దగును. పుచ్చుకొన్న బయానా వంటివి 65వ సెక్షను ప్రకారము తిరిగి ఈయవలెను. అయితే నూలు ధర పెరుగుట అసాధ్యము కాదు. ఖర్చు పెరిగినంతమాత్రమున విడుదల లేదని 1960లో అలోపీ పర్షాద్ కేసులోను, 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులోను సుప్రీంకోర్టు తేల్చినది. ఈ నియమము మనకే కాదు, "బేరములు లేవు" అని నేసిన సరుకు దించుకొనని షావుకారుకును వర్తించును.

మాట తప్పినవారు, దానివలన సహజముగా కలిగిన నష్టమును 73వ సెక్షను క్రింద ఇచ్చుకొనవలెను. ఆలస్యమునకు ఇంత కోత అని ముందే వ్రాసినను, 74వ సెక్షను ప్రకారము అది పైహద్దు మాత్రమే. అంతకు లోబడి న్యాయమైన పరిహారమే చెల్లును.

నోటి ఒప్పందమును చట్టము కాదనదు. కాని రుజువు ఎక్కడ? కనుక చీరల రకము, సంఖ్య, మజూరి, గడువు, నూలు ధర పెరిగిన భారము ఎవరిది, సొమ్ము ఎవరు చెల్లింతురు అను సంగతులు ఒక చీటీలో వ్రాసి ఇరువురు సంతకము చేయవలెనని మా అభిప్రాయము.

చీటీ అడిగినచో షావుకారు పని వేరొకరికి ఇచ్చునని కొందరి భయము. ఒక్కరు అడిగిన అది నిజమే కావచ్చును. వీధి అంతయు అడిగిన ఎవరికి ఇచ్చును? సోదరులు ఆలోచింతురు గాక.