కొఱత నర్సులకా, కొలువులకా?

నర్సులు దొరకుట లేదని ప్రభుత్వములు చెప్పుచున్నవి. నర్సులు దొరకుట లేదని ఆసుపత్రుల యజమానులు చెప్పుచున్నారు. పని దొరకుట లేదని నర్సులు చెప్పుచున్నారు. ఈ మూడు మాటలును ఒకే దేశమున, ఒకే కాలమున, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో వినవచ్చుచున్నవి. ఇవి మూడును నిజమెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకక, క్రొత్త కళాశాలలకు శంకుస్థాపనలు ఎన్ని గావించినను, రోగి మంచము ప్రక్కకు అదనముగా ఒక్క నర్సమ్మయైనను వచ్చి నిలువదు.

మొదట లెక్కలను చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2023 నాటికి లోకమున 2 కోట్ల 98 లక్షల నర్సులు కలరు; ఇంకను 58 లక్షల మంది తక్కువ పడినారు. మన దేశమున 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించిన నాటికి 43,000 జనమునకు ఒక్క నర్సు ఉండెను. దేశమంతటను కలిపి సుమారు 7,000 మంది మాత్రమే. 500 జనమునకు ఒక్కరు కావలెనని ఆ సంఘము కోరినది. నేడు రాష్ట్ర నర్సింగు మండలుల పట్టీలలో, సహాయక నర్సులను కలుపుకొని, 33 లక్షలకు పైగా పేర్లున్నవని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపియున్నది. ఆ సంఖ్యతో దేశ జనసంఖ్యను భాగించి చూడుడు: భోర్ సంఘము కోరిన లెక్క కాగితముపై నెఱవేఱినట్లే! మఱి రోగి పిలిచినప్పుడు పలుకువారు ఏరి?

పట్టీలో పేరుండుట వేఱు, పనిలో నుండుట వేఱు. ఆ పట్టీలో విదేశములకు వెడలినవారున్నారు; వృత్తిని విడిచినవారున్నారు; గతించినవారి పేర్లును ఉండవచ్చును. వీరందఱికంటె మన మనస్సును కలచవలసిన వర్గము మఱియొకటి కలదు: చదువుండి, అనుభవముండి, చేయు మనసుండి, కొలువు లేక ఇంట కూర్చున్నవారు. కొఱతను గూర్చి ఉపన్యసించు పెద్దలు వీరి లెక్కను మాత్రము ప్రజల యెదుట పెట్టుట లేదు.

పల్నాటిని చూడుడు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది. కార్యాలయములు వచ్చినవి, నామఫలకములు మాఱినవి. కృష్ణ చేరువనున్న మాచవరము మండలమున రైతు బ్రతుకు పత్తితో, మిరపతో ముడిపడి యున్నది. ఆ చేలలో పాము కాటు కలదు, పురుగుమందు ముప్పు కలదు, వేసవిలో వడదెబ్బ కలదు. ప్రసవములకు వేళ యనునదే లేదు. ఇట్టి పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే మొదటి దిక్కు. అది దాటినచో పిడుగురాళ్లకో, నరసరావుపేటకో, తుదకు గుంటూరు పెద్దాసుపత్రికో పరుగు. రేయింబవళ్లు తెఱచియుండు ప్రాథమిక కేంద్రమునకు ముగ్గురు స్టాఫు నర్సులు చాలునని చిరకాలముగా వాడుకలో నున్న లెక్క. దినమునకు మూడు డ్యూటీలు, వారమునకు 21. మనిషికి వారమున కొక్క దినము విశ్రాంతి నిచ్చినచో ముగ్గురును కలిసి చేయగలిగినవి 18. అనగా ఒకరికి జ్వరము రాకముందే, మఱియొకరు ప్రసూతి సెలవు పెట్టకముందే, వారమునకు మూడు డ్యూటీలు దిక్కులేనివగుచున్నవి. ఆ ముగ్గురిలో ఒక స్థానము ఖాళీయైనచో ఆ కేంద్రపు రాత్రులు ఎట్లు గడచునో వేఱుగా చెప్పవలయునా?

అనుభవమనగా నేమి? పురుగుమందు ఒంటబట్టిన కూలివానికి అట్రోపిన్ ఎక్కించుచు, నాడి యెట్లున్నది, రొమ్ములో గురక తగ్గినదా యని గడియ గడియకు కనిపెట్టుట అనుభవము. పాము విషమునకు విరుగుడు ఎక్కించునప్పుడు రోగి ఒంట దద్దుర్లు లేచినను, ఊపిరి బిగిసినను తత్‌క్షణమే గుర్తించుట అనుభవము. కాన్పైన తల్లికి రక్తస్రావము హద్దు మీఱుచున్నదని కనిపెట్టి, వైద్యుడు వచ్చులోపల చేయవలసినది చేయుట అనుభవము. ఈ విద్య సగము పుస్తకమున, సగము మంచము ప్రక్కన వచ్చునది. పది పండ్రెండేండ్లు దీని నభ్యసించిన మనిషి ఒక జిల్లాకు నిక్షేపము వంటిది. ఆ నిక్షేపమును మనమేమి చేయుచున్నాము?

పల్నాటి పల్లెల బిడ్డలు గుంటూరునను ఇతర పట్టణములందును నర్సింగు చదివి, హైదరాబాదు, విజయవాడల ఆసుపత్రులలో యౌవనమును ధారవోయుదురు. తల్లిదండ్రుల వార్ధక్యము వలననో, సంసార బాధ్యతల వలననో స్వస్థలమునకు మరలివచ్చినప్పుడు వారి యెదుట రెండు తలుపులు కనబడును. ఒకటి ప్రైవేటు ఆసుపత్రిది, రెండవది ప్రభుత్వముది. రెండును తెఱచియున్నట్లే తోచును. తట్టినప్పుడు గాని నిజము తెలియదు.

ప్రైవేటు తలుపు వద్ద వినబడు మొదటి ప్రశ్న “నీకేమి తెలియును?” అని కాదు, “ఎంతకు వత్తువు?” అని. నిన్న చదువు ముగించిన పిల్లకిచ్చు జీతమునే పండ్రెండేండ్ల యనుభవమునకును చూపుదురు. ఆమె ఒప్పుకొననిచో “నర్సులు దొరకుట లేదు” అను వాక్యము పుట్టును. ఆ వాక్యమున “ఈ జీతమునకు” అను రెండు మాటలు మ్రింగబడినవి! తరువాత జరుగునది చిన్న పట్టణముల ఆసుపత్రులను ఎఱిగినవారికి క్రొత్త గాదు. పదవ తరగతి చదివిన బాలికకు తెల్లకోటు తొడిగి సూదిని చేతికిత్తురు. రోగి ఆమెనే “సిస్టర్” అని పిలుచును. నేర్చినామె ఇంట కూర్చుండును. నేర్వనిది నరమును వెదకుచుండును. ఆ బాలికయందు తప్పు లేదు. ఆమె పేదఱికమును, రోగి యజ్ఞానమును ఒకే త్రాసున నుంచి లాభము తూచుకొను వానిది తప్పు.

అంతటితో తీఱలేదు. ఇట్టి చోట్ల పలువురికి నియామక పత్రముండదు, భవిష్యనిధి యుండదు, విడిచిపోవునాడు అనుభవ పత్రమును ఉండదు. పదేండ్లు చేసిన సేవకు సాక్షి లేదు. అట్టి మనిషి తరువాతి వాకిట నిలిచి “నాకు అనుభవము కలదు” అనినచో “కాగితమేది?” అని యడుగుదురు.

ఇక ప్రభుత్వపు తలుపు. ఆంధ్రప్రదేశమున కాంట్రాక్టు స్టాఫు నర్సుల నియామకములకు ఇటీవలి సంవత్సరములలో వాడిన పద్ధతిని పరిశీలింపుడు. మొత్తము నూఱు మార్కులు. అర్హత పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి 75. చదువు ముగిసిన పిమ్మట గడచిన ఏటికి ఒకటి చొప్పున 10. ప్రభుత్వమున కాంట్రాక్టుగనో ఔట్‌సోర్సింగుగనో చేసిన సేవకు 15. గిరిజన సీమలలో, పల్లెలలో చేసిన సేవకు పట్టణ సేవకంటె ఎక్కువ విలువ నిచ్చిరి, అంతవఱకు న్యాయమే. కాని ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర విభాగమున పదేండ్లు రాత్రులు కాచినదాని విలువ యేమి? సున్న. చదువు ముగించి పదేండ్లు ఇంట ఊరక కూర్చున్నను పది మార్కులే. పదేండ్లు ప్రాణములను నిలిపినను ఆ పది మార్కులే. ఇరువది యేండ్ల వయసున వ్రాసిన పరీక్షకు 75 మార్కులిచ్చి, ఆ తరువాతి జీవితమంతయు నేర్చిన దానికి సున్న వేయు విధానమును అనుభవమునకు తిరస్కారమనక మఱేమందుము?

గ్రామ ఆరోగ్య కేంద్రముల సంగతియు నిట్టిదే. రాష్ట్రమున 10,032 గ్రామ కేంద్రములను తలపెట్టిరి. ఆ సంకల్పము కొనియాడదగినది. కాని వానియందలి ఉద్యోగమునకు బి.ఎస్‌సి. నర్సింగు పట్టమును కోరిరి. జి.ఎన్.ఎం. చదివి ఇరువదేండ్లు వార్డులలో నిలిచిన నర్సులకు ఆ వాకిలి మూయబడినది. పోనీ, లోనికి పోయినవారైనను సుఖముగా నున్నారా? ఆ కేంద్రములందు కాంట్రాక్టుపై పనిచేయు ఉద్యోగులు ఉద్యోగ భద్రత కొఱకు, జీతము కొఱకు 2025 ఏప్రిల్ చివర సమ్మెకు దిగవలసి వచ్చినది.

కృష్ణ దాటి తెలంగాణమును చూచినను కథ మాఱదు. కోవిడ్ మహమ్మారి కాలమున ఔట్‌సోర్సింగుపై తీసికొనబడిన నర్సులు వేయిమందికి పైగా 2021 జులైలో తొలగింపబడి హైదరాబాదు వీధులలో నిరసన తెలిపిరి. మృత్యువు ఎదుటికి పంపునాడు “వీరనారులు”. మృత్యువు వెనుదిరిగిన నాడు “అవసరము లేదు”! అటుపిమ్మట నోటిఫికేషను వెలువడి, పరీక్ష జరిగి, 2024 జనవరి 31న ఆ రాష్ట్ర ప్రభుత్వము 6,956 మంది స్టాఫు నర్సులకు నియామక పత్రముల నిచ్చినది. మంచి పనియే. కాని మేమొక్క ప్రశ్న నడుగుదుము. ఆ 6,956 మందియు ఆ దినముననే పుట్టిరా? వారు అంతకుముందును ఉన్నారు. చదువుతో ఉన్నారు, అనుభవముతో ఉన్నారు. లేనిది కొలువు. కొలువు వచ్చిన దినముననే “కొఱత” యనబడిన నర్సులు వేలకు వేలు వరుసలో నిలిచిరి! ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

అయినను కొఱతకు మందుగా పాలకులు చూపుచున్నది మఱిన్ని కళాశాలలను. 2023 బడ్జెటులో కేంద్ర ప్రభుత్వము 157 నర్సింగు కళాశాలలను ప్రకటించినది. విద్యను మేము వలదనము. కుండ అడుగున చిల్లి యుండగా పైనుండి నీరు పోయువానిని మాత్రము వివేకి యనజాలము. క్రొత్తగా వచ్చు పట్టభద్రులు చౌకగా దొరకుదురు గనుక పాతవారిని సాగనంపుట, ఆ క్రొత్తవారు పాతబడిన నాడు వారినిని సాగనంపుట: ఇదియా ఆరోగ్య విధానము?

“అంత జీతమిచ్చిన ఆసుపత్రి నడువదు” అని కొందఱు యజమానులందురు. దీనికి సమాధానము 2016లోనే వచ్చినది. ఆ సంవత్సరము జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశమును అనుసరించి కేంద్రము నియమించిన సంఘము ఆసుపత్రుల తాహతును బట్టియే మెట్లు కట్టినది: 200 పడకలు మించిన చోట ప్రభుత్వ నర్సుతో సమాన వేతనము, 100 మించిన చోట దానికి 10 శాతము కంటె తగ్గరాదు, 50 మొదలు 100 వఱకు గల చోట 25 శాతము కంటె తగ్గరాదు, 50 లోపు పడకలు గల చోట నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు. కేరళమున నర్సులు వీధికెక్కి పోరాడగా 2018లో అచటి ప్రభుత్వము 20,000 రూపాయల కనీస వేతనమును నోటిఫై చేసినది. కేరళమున ఆసుపత్రులు మూతపడలేదు. మన రాష్ట్రమున ఆ సిఫార్సులు శాసన బలము లేక కాగితములై యున్నవి.

“నర్సులు విదేశములకు పోవుచున్నారు, మేమేమి చేయుదుము?” అని మఱికొందఱందురు. వారిని పంపుచున్నది ఎవరు? జర్మనీకి నర్సులను పంపుటకు తెలంగాణ ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్ స్వయముగా భాష నేర్పించి పంపుచున్నది. ఇష్టపడి పోవువారిని మేము తప్పుపట్టము. కాని పరదేశము మీద పెట్టుకొనిన ఆశ ఎల్లకాలము నిలుచునది కాదు. నర్సులు లేరని ఏండ్ల తరబడి మన బిడ్డలను పిలిచిన ఇంగ్లండున, 2025 ఆగస్టు నాటికి ఆ దేశపు క్రొత్త పట్టభద్రులకే కొలువులు కఱవై, ప్రభుత్వము ఉద్యోగ హామీ నొకదానిని ప్రకటింపవలసి వచ్చినది. రోగులున్నంత మాత్రమున కొలువులుండవు. జీతమునకు డబ్బు కేటాయించిననే కొలువు. ఈ సత్యము లండనుకును ఒక్కటే, మాచవరమునకును ఒక్కటే.

పల్నాటివారికి ఈ సత్యమును వేఱుగా బోధింపనక్కఱలేదు. అడవినిండ గడ్డి యుండగా, పుల్లరి చెల్లింపనిదే పశువు దానిని ముట్టరాదనిన కాలమును వారి పెద్దలు చూచిరి. ఆ పుల్లరికి ఎదురు నిలిచి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణముల నర్పించెను. నాడు కొఱత గడ్డికి కాదు. గడ్డికిని పశువునకును నడుమ అడ్డు నిలిపిరి. నేడు కొఱత నర్సులకు కాదు. నర్సుకును రోగికిని నడుమ జీతపు పిసినాఱితనమును, మార్కుల పట్టికను, కాంట్రాక్టు కాగితమును అడ్డు నిలిపిరి.

ఈ అడ్డులను తొలగించుట అసాధ్యము కాదు. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి గోడపై మంజూరైన నర్సు స్థానములెన్ని, నిండినవెన్ని, ఖాళీలెన్ని యను లెక్కను నెలనెలకు వ్రాసి యుంచవలెను. రిజిస్ట్రేషను, భవిష్యనిధి లెక్కలు సాక్ష్యమిచ్చు ప్రైవేటు అనుభవమునకును నియామకములలో మార్కులు వేయవలెను. గ్రామ కేంద్రముల వాకిలిని, తగిన స్వల్పకాల శిక్షణతో, అనుభవముగల జి.ఎన్.ఎం. నర్సులకు తెఱవవలెను. సంసార భారముచే కొన్నేండ్లు వృత్తికి దూరమైనవారు మరలివచ్చుటకు జిల్లా ఆసుపత్రులలో పునఃశిక్షణ నీయవలెను. ఇరుగు పొరుగు రాష్ట్రముల మండలులు రిజిస్ట్రేషను మార్పిడిని గడువు పెట్టి ముగింపవలెను. ప్రైవేటు ఆసుపత్రులను రిజిస్టరు చేయు 2002 నాటి చట్టము రాష్ట్రమున నున్నది. ఆ రిజిస్ట్రేషనును పునరుద్ధరించునప్పుడు అర్హులైన నర్సుల పేర్లను, వారి కిచ్చు వేతనమును చూపనిదే అనుమతి లేదని యనవలెను. 2016 నాటి వేతన సిఫార్సులకు చట్ట బలము నీయవలెను.

ప్రజలు చేయవలసినదియు కొంత కలదు. ఆసుపత్రిలో అడుగిడునప్పుడు యంత్రములెన్ని యున్నవని చూచెదము. చలువ గదులున్నవా యని యడిగెదము. సూది పట్టిన చేయి చదివినదా, రాత్రి పండ్రెండు గంటలకు వార్డులో నిలుచు నర్సు ఎవరు, ఆమెకు నెలజీతము సక్రమముగా ముట్టుచున్నదా యని అడుగుట లేదు. అడుగుడు. గ్రామసభలో అడుగుడు, మండల సమావేశములో అడుగుడు, ఓట్లకై వచ్చినవారిని అడుగుడు. నర్సులు లేరని వారు చెప్పినచో, మీ ఊరిలో ఇంట కూర్చున్న నర్సమ్మల పేర్లు వ్రాసి వారి చేతికిండు. కొఱత ఎవరికో, దేనికో అప్పుడు తేటపడును.