నీళ్లలో దొరికిన దేహం.. బోనులో డాక్టరు

2024 అక్టోబర్ మొదటి వారంలో మదనపల్లెలో బీపీ మాత్రల కోసం ఓపీకి వచ్చినవాళ్లు కూడా చీటీ చేతికిచ్చే ముందు ఒక మాట అడిగేవారు. ‘సార్, పుంగనూరు పాప పోస్టుమార్టంలో ఏమొచ్చిందంట?’ నాకు తెలీదంటే నమ్మేవారు కాదు. ఒక డాక్టరు రాసిన రిపోర్టు మిగతా డాక్టర్లందరికీ తెలిసిపోతుందని మనవాళ్ల నమ్మకం.

ఏడేళ్ల పాప. సెప్టెంబర్ 29న ఇంటి దగ్గర్నుంచి కనిపించకుండా పోయింది. అక్టోబర్ 2న ఊరి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో శవమై దొరికింది. పోస్టుమార్టం బల్ల మీదికి దేహం చేరకముందే ఊళ్లో తీర్పులు వచ్చేశాయి. లైంగిక దాడి అన్నారు కొందరు. కాలుజారి పడిందన్నారు ఇంకొందరు. ఫోన్లలో అయితే నోటికొచ్చిన కథలన్నీ తిరిగాయి. చివరికి పోలీసులు ప్రకటించింది వేరు: డబ్బు లావాదేవీల కక్షతో ఇరుగుపొరుగువాళ్లే పాపను ఊపిరాడకుండా చేసి చంపి, ఆ తర్వాత ట్యాంకులో పడేశారని; లైంగిక దాడి జరగలేదని పోస్టుమార్టంలో తేలిందని. ఇది దర్యాప్తు చేసినవారి మాట. దోషులెవరో చెప్పాల్సింది కోర్టు. నేను ఇక్కడ రాసేది ఆ పాప రిపోర్టు గురించి కాదు, అది నేను చూడలేదు. నీళ్లలో దొరికిన దేహం గురించి డాక్టరు కోర్టులో ఏం చెప్పగలడు, ఏం చెప్పలేడు అన్నదే నా విషయం.

ముందే ఒక మాట. నేను ఫోరెన్సిక్ నిపుణుణ్ని కాదు, జనరల్ మెడిసిన్ ఎండీని. కానీ మన దగ్గర చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో శవపరీక్ష చేసేది చాలాసార్లు ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరే. ఉదయం జ్వరాలు చూసి, మధ్యాహ్నం మార్చురీకి వెళ్లి, సాయంత్రం మళ్లీ వార్డుకొస్తాడు. ఏళ్ల తర్వాత హత్య కేసులో ‘నిపుణుడైన సాక్షి’ అతనే.

ఇక నీళ్ల సంగతి. మొదటి ప్రశ్న: ప్రాణంతో నీళ్లలో పడ్డారా, చనిపోయాక పడేశారా? ప్రాణంతో పడినవాళ్లు నీళ్లు మింగుతారు, పీల్చుకుంటారు. ఊపిరి కోసం కొట్టుకునే కొద్దీ గాలీ నీరూ శ్వాసనాళంలోని జిగురూ కలిసి చిలికినట్టై సన్నటి తెల్లటి నురగ వస్తుంది. తుడిచినా మళ్లీ నోట్లోంచి, ముక్కులోంచి పైకి వస్తుంటుంది. ఊపిరితిత్తులు ఉబ్బి గుండెను కప్పేసినట్టుంటాయి. వేలితో నొక్కితే సొట్ట అలాగే నిలుస్తుంది. శ్వాసనాళం లోతుల్లో పాచి, ఇసుక ఉండొచ్చు. పిడికిట్లో గడ్డి పరకో నాచో బిగుసుకుని ఉంటే అది బలమైన ఆధారం, చివరి క్షణంలో దొరికిందల్లా పట్టుకున్నారన్నమాట. అరచేతులు, అరికాళ్లు తెల్లబడి ముడతలు పడటం చూసి ‘మునిగే చనిపోయారు’ అనుకుంటారు చాలామంది. అది తప్పు. దేహం కొన్ని గంటలు నీళ్లలో ఉంటే చాలు, చనిపోయాక పడేసినా ఆ ముడతలు వస్తాయి.

చిక్కేమిటంటే, రోజులు గడిచేకొద్దీ ఇవన్నీ చెరిగిపోతాయి. మన ఎండలకు ఒకట్రెండు రోజుల్లోనే దేహం కుళ్లడం మొదలై పైకి తేలుతుంది. నురగ పోతుంది, ఊపిరితిత్తుల రూపు మారిపోతుంది. అప్పుడు ఆశ డయాటమ్‌ల మీద. చెరువుల్లో, ట్యాంకుల్లో కంటికి కనిపించని నాచుజీవులివి, గాజులాంటి పెంకు ఉంటుంది. గుండె కొట్టుకుంటుండగా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఇవి రక్తంలో కలిసి తొడ ఎముక మూలుగ దాకా చేరతాయి. గుండె ఆగాక పడేస్తే అంత దూరం చేరవు. అందుకే ఎముక ముక్కతో పాటు ఆ ట్యాంకు నీళ్లనూ సీసాలో పట్టి ల్యాబుకు పంపాలి. రెండింట్లో ఒకే రకం డయాటమ్‌లు ఉన్నాయా అని పోల్చి చూస్తారు. నీళ్ల సీసా పంపడం మరిచిపోతే పోల్చడానికేమీ మిగలదు. అయితే ఇదీ రామబాణం కాదు. నిజంగా మునిగి చనిపోయిన కొందరిలో డయాటమ్‌లు దొరకవు. అందుకే ‘దొరకలేదు కాబట్టి హత్యే’ అని ఏ డాక్టరూ అనకూడదు.

రెండో ప్రశ్న మరీ కష్టం. ముక్కూ నోరూ మూస్తే గుర్తులు మిగులుతాయా? పెద్దవాళ్లు పెనుగులాడతారు కాబట్టి పెదవుల లోపల పళ్లు గుచ్చుకున్న కమిలిన మచ్చలు, గోళ్ల గీతలు, కళ్లలో చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించొచ్చు. పసిపిల్లల ముఖం మీద మెత్తటి గుడ్డో దిండో అదిమితే ఒక్క గుర్తూ మిగలకపోవచ్చు. కళ్లలోని రక్తపు చుక్కలు కూడా ఊపిరాడని చావులోనే కాదు, వేరే కారణాలతోనూ వస్తాయి. పెదవి లోపలికి తిప్పి చూడటానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం దగ్గర తొందరపడితే కేసంతా అక్కడే జారిపోతుంది.

కోర్టులో ఇది ఇలా నడుస్తుంది. ప్రభుత్వ న్యాయవాది అడుగుతారు: ‘డాక్టరు గారూ, ముక్కూ నోరూ మూస్తే ఇలాంటి గుర్తులు వస్తాయా?’ ‘వస్తాయి.’ తర్వాత ముద్దాయి తరఫు న్యాయవాది లేస్తారు: ‘వేరే విధంగా కూడా రావొచ్చు కదా?’ ‘రావొచ్చు.’ వెనక బెంచీలో కూర్చున్న తల్లిదండ్రులకు డాక్టరు మాట మార్చినట్టే అనిపిస్తుంది. నిజానికి రెండు జవాబులూ సరైనవే. నాకు పడని సాక్షి, ఏది అడిగినా ‘నూటికి నూరు శాతం’ అనేవాడు. చనిపోయిన సమయం కూడా గంట కొట్టినట్టు చెప్పేవాళ్లుంటారు. శరీరం బిగుసుకోవడం, చల్లబడటం ఎండను బట్టి, నీటిని బట్టి, ఒంటి తీరును బట్టి మారతాయి. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అని మాత్రమే చెప్పగలం.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో నిపుణుల అభిప్రాయం 39వ సెక్షన్ కిందికి వస్తుంది. చట్టం దాన్ని అభిప్రాయం అనే పిలుస్తుంది, తీర్పు అనదు. 1999లో హిమాచల్ ప్రదేశ్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. అది హత్య కేసు కూడా కాదు, యాపిల్ తోటల వ్యవహారం. నిపుణుడు తేల్చింది చెబితే చాలదని, ఎలా తేల్చాడో కారణాలు చెప్పి జడ్జి సొంతంగా బేరీజు వేసుకునే వీలివ్వాలని దాని సారాంశం. పోలీసుల ముందు ముద్దాయి ‘నేనే చేశాను’ అన్నా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కాబట్టి చూసినవాళ్లు లేని చావుల్లో శవపరీక్ష కాగితం మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఆ భారం నాకు తెలిసొచ్చింది ఉద్యోగంలో చేరిన కొత్తలో. నేను చేసిన శవపరీక్ష మీద మూడేళ్ల తర్వాత సమన్లు వచ్చాయి. రిపోర్టులో ఒక గాయం గురించి ‘తల వెనక చిన్న గాయం’ అని రాశాను. ఎంత పొడవు, ఎంత లోతు, అంచులు తెగినట్టున్నాయా చితికినట్టున్నాయా, ఏమీ రాయలేదు. ‘రాయి వల్లనా, కట్టె వల్లనా, మెట్టు మీద పడటం వల్లనా డాక్టరు గారూ?’ అని న్యాయవాది మర్యాదగానే అడిగారు. ఆ మనిషి ముఖమే గుర్తు లేదు నాకు, ఇక గాయమెలా గుర్తుంటుంది! చెప్పలేనన్నాను. బయటికొస్తుంటే చనిపోయినాయన భార్య నా వైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది. ఆ మరుసటి వారమే ఒక స్కేలు కొని బ్యాగులో వేసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

నిపుణుల నివేదిక ఉన్నంత మాత్రాన కేసు నిలబడదని తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఇబ్రహీంపట్నంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటేడు ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు నేరం రుజువు కాలేదని అతణ్ని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఏం మిగులుతుంది? ఎముకలు, పళ్లు, వెంట్రుకలు. పుర్రె పగిలితే తెలుస్తుంది. చర్మం మీద కమిలిన మచ్చ, గొంతు కండరాల్లో చేరిన రక్తం, ఇవి మొదటి రోజే చూసి రాసి ఉంటేనే ఉన్నట్టు.

మన ప్రాంతంలో అనుమానాస్పద మరణాల్లో ఇంకో పెద్ద వాటా పురుగుమందులది. టమాటా పండే ఊళ్లలో మందు డబ్బా లేని ఇల్లు తక్కువ. తాగారా, తాగించారా అన్నది శవపరీక్ష చెప్పలేదు. ఒంట్లో ఏ మందు ఉందన్నది మాత్రమే ల్యాబు చెబుతుంది, అదీ నమూనాలు సరిగ్గా వెళితే. జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాల ముక్కలను చిక్కటి ఉప్పు ద్రావణంలో పంపాలి. అలవాటు కొద్దీ ఫార్మలిన్ పోసేస్తే విషం వెతకడమే కష్టమవుతుంది. కుప్పం వైపు ఇంకో చిక్కు. మూడు రాష్ట్రాల కూడలి కావడంతో మనిషిని ఇక్కడ పొట్ట కడిగి, అక్కణ్నుంచి కోలారుకో వేలూరుకో బెంగళూరుకో తీసుకెళతారు. నాలుగైదు రోజులు వైద్యం జరిగి అక్కడ చనిపోతే, అప్పటికి ఒంట్లో విషం ఆనవాళ్లు అడుగంటి ఉండొచ్చు. మొదట పొట్ట కడిగినప్పటి నీళ్లను సీసాలో దాచి సీలు వేసి పోలీసులకిచ్చి ఉంటే అదొక్కటే ఆధారమవుతుంది. చాలాసార్లు అది కాలవ పాలవుతుంది. అయినా విషం దొరకనంత మాత్రాన కేసు లేనట్టు కాదు. పుణెకు చెందిన ఒక డాక్టరు తన దగ్గర వైద్యం పొందుతున్న వితంతువును రైల్లో బొంబాయి తీసుకెళుతూ చంపాడన్న 1956 నాటి కేసులో విషం దొరకలేదు. మిగతా పరిస్థితులన్నీ కలిపి చూసి 1959లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. ఆమె చక్కెర జబ్బు కోమాతో చనిపోయిందని మొదట కాగితాల్లో నమోదైంది.

ఎలా చనిపోయారన్నది తెలిసినా తేలని కేసులూ ఉంటాయి. 2021 జనవరి 24న మదనపల్లెలో ఇద్దరు కూతుళ్లు సొంత ఇంట్లోనే హత్యకు గురైనప్పుడు, తల్లిదండ్రులను మానసిక వైద్యులు పరీక్షించి విశాఖ మానసిక ఆసుపత్రికి పంపించారు. అలాంటి చోట మానసిక వైద్యుడికి ఎదురయ్యేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇప్పుడు విచారణను అర్థం చేసుకునే స్థితిలో ఉన్నారా? ఆ క్షణంలో తాము చేస్తున్నదేమిటో తెలిసే స్థితిలో ఉన్నారా? మొదటిది చూసి చెప్పొచ్చు. రెండోది వెనక్కి వెళ్లి ఊహించాల్సిందే. ఇరుగుపొరుగు మాటలు, పాత మందుల చీటీలు, ఫోన్ సందేశాలు అక్కడ రోగి చరిత్ర అవుతాయి.

చివరిగా ఇంట్లోవాళ్ల కోసం. అనుమానం ఉంటే దేహాన్ని కడగొద్దు, బట్టలు మార్చొద్దు, ఉరి అయితే తాడు ముడి విప్పొద్దు, ముడికి దూరంగా కత్తిరించండి. పరువు పోతుందని ‘గుండెపోటు అని రాసివ్వండి సార్’ అని డాక్టర్ను బతిమాలొద్దు. చీకటి పడ్డాక పోస్టుమార్టం చేయలేదని గొడవకు దిగొద్దు. 2021 నవంబర్‌లో కేంద్రం రాత్రిపూట శవపరీక్షలకు అనుమతిచ్చినా హత్య, ఆత్మహత్య, అత్యాచారం, నేర అనుమానం ఉన్నవాటిని మామూలుగా మినహాయించింది, పగటి వెలుతురులో చూడాలనే.

రిపోర్టులో ‘అభిప్రాయం వాయిదా, ల్యాబు నివేదిక రావాలి’ అని ఉంటే డాక్టరు అమ్ముడుపోయాడని అర్థం కాదు. చిత్తూరు, అన్నమయ్య జిల్లాల నమూనాలు తిరుపతి ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్లి రావాలి. అది వచ్చాక అదే డాక్టరు తుది అభిప్రాయం రాసిస్తాడు. నమూనాలు ఏ తేదీన పంపారు, ల్యాబు ఏ తేదీన అందుకుంది, నివేదిక ఆసుపత్రికి చేరిందా అని దర్యాప్తు అధికారిని అడగండి. డాక్టరు బదిలీ అయిపోయి ఉంటే ఏ ఊరికి వెళ్లారో ఆసుపత్రి ఆఫీసులో చెబుతారు.