సంపెంగకు తగిన తావు

నిరుడు వానకారున, విమానాశ్రయమునకు పోవు బాట ప్రక్కన, శంషాబాదు దాపున ఒక నర్సరీవాడు నల్లసంచిలోని సంపెంగ అంటుమొక్కను నా చేత పెట్టి, "నీళ్లు పోస్తే చాలు సార్, మూడేండ్లల్ల పూస్తది" అనెను. వాని మాట నమ్మి గుంట త్రవ్వింపగా, రెండడుగుల ఎర్రమన్ను దాటినంతనే గడ్డపార ఖంగున మ్రోగినది. ఈ వేసవిని నీరు పోయుట మానకున్నను, ఆకుల కొనలు మొదట గోధుమవన్నెకు తిరిగి, పిదప అంచుల వెంబడి కాలిన కాగితమువలె ముడుచుకొనిపోయినవి. తప్పు మొక్కది గాదు, అమ్మినవానిదియు గాదు. తావెరుగక నాటిన నాది.

తూర్పు హిమాలయముల పాదములందును, అస్సాము కొండలలోను, పడమటి కనుమల తడి అడవులలోను, అటు జావా దాకను, రాలిన ఆకులు కుళ్లి మెత్తనైన లోతుమట్టిలో వేళ్లు దింపి, 30 మీటర్లకు పైగా ఎదిగి, ఏడాది పొడవున పచ్చగా నిలుచు వృక్షమిది. 1753లో లిన్నేయసు దీనికి మైకేలియా చంపకా యని పేరిడగా, నేటి శాస్త్రజ్ఞులు మాగ్నోలియాలలో చేర్చిరి. తుమ్మెద సంపెంగ నొల్లదన్న కవుల మాట వసుచరిత్రలోని ముక్కు పద్యము వలన తెలుగువారి నోట స్థిరపడినది గదా; ఈ కుటుంబపు పూలకు పుప్పొడి మోయు ప్రధాన సేవకులు పెంకుపురుగులని నాడెవరు చెప్పవచ్చిరి!

తెలుగునాట సంపెంగలకు పేరుపడిన సింహాచలమును చూడుడు: కొండనీడ, గంగధార ఊట, సముద్రపు చెమ్మగాలి. ఇక్కడనో, ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అదియు నాలుగు నెలలలో, రాతి మీద. పూర్వులు దీనిని పెరటిబావి గట్టున, స్నానపు నీరు పారు చోట నాటుటలో గొప్ప తెలివి కలదు.

2008లో సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము వెలసిన పిదప, చుట్టును లేచుచున్న వెంచర్ల ద్వారములకిరువైపుల సంపెంగయు, అది చాలదన్నట్లు అమెరికా ఆగ్నేయతీరపు పెద్దపూల మాగ్నోలియాయు నాటి, ట్యాంకరు నీటితో బ్రతికించు వేడుక నాకు సమ్మతము గాదు. ఈ రాతినేలకు వేప, గానుగ, రేల, మోదుగ ఉండనే ఉన్నవి. మండువేసవికి ముందే ఆకురాల్చి ఎర్రగా పూయు మోదుగకన్న ఏ మాగ్నోలియా అందమెక్కుడు? పైగా సంపెంగకాయ పగిలి ఎర్రని గింజలు కనబడినంతనే పక్షులు మూగును. విమానములు దిగు దారికి చేరువను అట్టి విందు పెట్టుట వివేకమా? సంపెంగ కావలయునన్న వారు నీడయు, లోతుమన్నును, నీటివసతియు ముందు చూచుకొని, పిమ్మట నర్సరీకి పోవలయును.

నా మొక్కను తొలకరి పడగానే వేరుమట్టితో పెకలించి, హిమాయత్‌సాగరు ఆవల మిత్రుని మామిడితోటలో, మోటబావి కాలువ చెంత నాటితిమి. మొన్న పోయి చూడగా, మాడిన ఆకుల నడుమ, సన్ననూగు కప్పిన చివురొకటి విప్పుకొనుచున్నది.