పేరు చెప్పినవానికే పెత్తనం

పంట రుణమైనా, పింఛనైనా, పహాణీ నకలైనా నేడు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లు పలికితేనే సరిహద్దు పల్లెలకు చేరుతున్నాయి. ఆ కంప్యూటర్లలో అనేకం విడివిడి యంత్రాలు కావు. ఒకే పెద్ద సర్వరును వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ద్వారా పలు యంత్రాలుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని అప్పగిస్తారు. ఖర్చు తగ్గుతుంది. అయితే పది కాపురాలున్న లోగిలికి వీధి తలుపు ఒక్కటే అయినట్లు, ఆ తాళం పరుల చేత చిక్కితే పది కాపురాలకూ ముప్పే.

ఈ కోవకు చెందినదే వీఎంవేర్ సంస్థ ఈఎస్ఎక్స్ఐ సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపం. దాని సంఖ్య సీవీఈ-2024-37085. కార్యాలయ సిబ్బంది పట్టికయైన యాక్టివ్ డైరెక్టరీకి ఈ సర్వరును జతచేసినప్పుడు, 'ఈఎస్ఎక్స్ అడ్మిన్స్' అనే పేరుగల బృందంలోని ప్రతివారికీ అది సర్వాధికారాలు ఇచ్చేది. ఆ బృందం ముందుగా ఉండనవసరం లేదు. పట్టికలో బృందాలను సృష్టించే అనుమతి సంపాదించిన దొంగ, ఆ పేరుతో ఒక బృందాన్ని సృష్టించి తానే అందులో చేరితే చాలు. సర్వరు పేరును చూసేదే గాని, బృందపు అసలు గుర్తింపు సంఖ్యను చూసేది కాదు. ఒకే పేరుగలవారు ఇద్దరుంటే సర్వే నంబరు చూడక పట్టా ఇచ్చినట్లున్నది ఈ వ్యవహారం.

దొంగ ముందే లోపల అడుగుపెట్టి ఉండాలి గనుక దీని తీవ్రతను పదికి 6.8గా, మధ్యస్థంగా లెక్కగట్టారు. కాని అకీరా, బ్లాక్ బాస్టా వంటి రాన్సమ్‌వేర్‌లను ప్రయోగించే ముఠాలు దీనిని వాడుకున్నాయని 2024 జూలై 29న మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. అంకె చిన్నదని ఉపేక్షించరాదన్నది ఇందులోని మొదటి పాఠం.

8.0 అప్‌డేట్ 3లో ఈ లోపాన్ని సరిదిద్దారు. పాత 7.0కు మాత్రం సవరణ ఇవ్వక, ఆ బృందానికి తానుగా అధికారం దక్కే అమరికను ఆపివేయుమని సూచించారు. ఆ 7.0కు సాధారణ మద్దతు సైతం 2025 అక్టోబరు 2తో ముగిసినది. పాతదానితోనే కాలం గడుపుతున్న సంస్థలు ఆ అమరికను మార్చడమే గాక, కొత్తదానికి మారడం, నిర్వాహకుల ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టడం, నకళ్లను వేరుచోట భద్రపరచడం తప్పనిసరి.

ఇది పట్టణాల గొడవ అనుకోరాదు. 2024 జూలై చివరలో రాన్సమ్‌వేర్ దాడి ప్రభావం సి-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై పడగా, జాతీయ చెల్లింపుల సంస్థ దానిని తాత్కాలికంగా వేరుచేసింది. సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచాయి. ఆ దాడిని పై లోపంతో ముడిపెట్టరాదు. అయితే సర్వరు గది మూతపడితే ముందుగా ఇబ్బంది పడేది సహకార, గ్రామీణ బ్యాంకుల వాకిట నిలబడే రైతేనని అది చాటింది.

రైతు సర్వరును బాగుచేయలేడు. కాని పాసుపుస్తకంలో ఎప్పటికప్పుడు పద్దులు వేయించుకోవచ్చు. సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో రెండు ప్రశ్నలు అడగవచ్చు: మన లెక్కల నకలు వేరుచోట ఉన్నదా? దానినుండి లెక్కలు తిరిగి తీసి చూచినది ఎప్పుడు? సమాధానం రాబట్టడం సభ్యుల హక్కు.