ఒడిలో కంప్యూటరా, బల్లమీది కంప్యూటరా?

ప్రతి సంవత్సరము ఇంజనీరింగు ప్రవేశాలు ముగిసే వేళకు తెలుగు ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. అబ్బాయికో అమ్మాయికో కంప్యూటరు కొనాలి. ల్యాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా? దుకాణములో ప్రాసెసరు గురించి, మెమరీ గురించి, ధర గురించి, వారంటీ గురించి గంటసేపు మాట్లాడుకుంటారు. ఆ యంత్రము ముందు రోజుకు ఎనిమిది గంటలు కూర్చోబోయే మనిషి మెడ గురించి, కళ్ళ గురించి ఒక్క మాటైనా రాదు. యంత్రము నాలుగైదేళ్ళకు పాతబడితే మార్చుకోవచ్చును. మెడను మార్చుకొనే వీలు లేదు. అందువలన ఈ కొనుగోలు నా దృష్టిలో సగము వైద్యవిషయమే.

నా అభిప్రాయము ముందే చెబుతాను. ఇంట్లో ఒకేచోట కూర్చొని రోజుకు మూడు నాలుగు గంటలకు మించి పనిచేసేవారు డెస్క్‌టాప్ కొనుక్కోవాలి. ఊళ్ళు తిరిగేవారు, హాస్టళ్ళలో ఉండేవారు ల్యాప్‌టాప్ కొనక తప్పదు. వారు దానితోపాటు ఒక పీట, ఒక విడి కీబోర్డు, ఒక విడి మౌసు కూడా కొనాలి. ఆ మూడింటికి డబ్బు చాలకపోతే కాస్త చౌకరకము ల్యాప్‌టాప్ తీసుకొని వాటిని కొనండి. దుకాణదారు మీకు ఈ సలహా ఇవ్వడు.

మడతబందుతో వచ్చిన చిక్కు

1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1 అనే ‘వెంట తీసుకువెళ్ళే’ కంప్యూటరు బరువు దాదాపు 11 కిలోలు. మోయడానికి పిడి ఉండేది గాని, దానిని పెట్టెతో సమానముగా మోయవలసివచ్చేది. మరుసటి సంవత్సరము, 1982లో, బిల్ మాగ్రిడ్జ్ రూపకల్పన చేసిన గ్రిడ్ కంపాస్ వచ్చింది. తెరను కీబోర్డు మీదకు పుస్తకపు అట్టలా మడిచే ఏర్పాటు దానిలో ఉంది. ఈనాటి ల్యాప్‌టాప్‌లన్నీ ఆ పోలికలోనివే. మోసుకువెళ్ళడానికి అంతకన్న చక్కని ఉపాయము లేదు. కూర్చొని పనిచేసేటప్పుడు మాత్రము చిక్కంతా ఆ మడతబందు దగ్గరే ఉన్నది.

కుర్చీలో నిటారుగా కూర్చున్న పెద్దవారి మోచేతికి, కంటికి మధ్య ఎత్తులో తేడా ఒకటిన్నర అడుగుకు పైగా ఉంటుంది. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉంటే భుజాలకు హాయి. తెర పైఅంచు కంటి ఎత్తులో గాని, కాస్త దిగువన గాని ఉంటే మెడకు హాయి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కొని ఉన్నాయి. తెర పైఅంచు కీబోర్డుకు ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మిగిలిన తొమ్మిది పది అంగుళాల లోటును ఎవరు పూడ్చాలి? మెడ వంగి పూడుస్తుంది. మెడ బాధపడుతున్నదని యంత్రమును ఎత్తుమీద పెడితే చేతులు పైకెత్తవలసివచ్చి భుజాలు నొప్పి పెడతాయి. ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా ఈ లోపము పోదు.

పెద్దవారి తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు. తల నిటారుగా ఉన్నంతసేపు వెన్నుపూసలు ఆ బరువును శ్రమ లేకుండా మోస్తాయి. తల ముందుకు వంగినకొద్దీ అది పడిపోకుండా మెడ వెనుక కండరాలు బిగబట్టి లాగుతూ ఉండాలి. నిండు బిందెను చంకన పెట్టుకొని అర మైలు నడిచిన వారు కూడా అదే బిందెను చాచిన చేతితో అర నిమిషము పట్టుకోలేరు. 2014లో కెన్నెత్ హంస్‌రాజ్ అనే వెన్నెముక శస్త్రవైద్యుడు కంప్యూటరు నమూనాతో ఈ భారమును లెక్కగట్టాడు. తల 15 డిగ్రీలు వంగితే మెడపై పడే భారము 12 కిలోలకు, 30 డిగ్రీలకు 18 కిలోలకు, 45 డిగ్రీలకు 22 కిలోలకు, 60 డిగ్రీలకు 27 కిలోలకు సమానమని తేలింది. ఇవి లెక్కల నమూనాలో వచ్చిన అంకెలే గాని మనుషుల మెడలలో కొలిచినవి కావు. అయినా భారము ఎటు పెరుగుతున్నదో వాటిని బట్టి తెలుస్తుంది.

మెడ వెనుక, భుజముల పైన, తల వెనుక భాగములో సాయంకాలానికి మొదలయ్యే నొప్పితో ఇరవై రెండేళ్ళ వారు వైద్యుల వద్దకు వస్తున్నారు. చాలామంది చేతిలో అప్పటికే ఎమ్.ఆర్.ఐ. కవరు ఉంటుంది. అందులో ‘డిస్కు కొంచెం ఉబ్బింది’ అన్న మాట చదువుకొని భయపడి ఉంటారు. అటువంటి మార్పులు ఏ నొప్పీ లేనివారి చిత్రాలలో కూడా తరచు కనిపిస్తాయి. ఆ వయస్సులో ఆ నొప్పి సాధారణముగా కండరాలదే. ఎమ్.ఆర్.ఐ. కంటె ముందు చూడవలసినది వారి బల్ల ఎత్తు. అయితే నొప్పి చేతిలోకి పాకినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, నడకలో తూలు వచ్చినా, మూత్రముపై అదుపు తగ్గినా బల్ల సంగతి తరువాత చూసుకోవచ్చును. వెంటనే వైద్యుని చూడాలి.

వ్యాసపీఠము

ఇది కొత్త సమస్య అనుకోనక్కరలేదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీనీ 18వ శతాబ్ది ఆరంభములోనే వృత్తుల వలన కలిగే జబ్బులను గురించి రాస్తూ లేఖకులను ప్రస్తావించాడు. కదలక కూర్చోవడము, చేయి ఒకే రీతిని ఆగకుండా ఆడించడము, తప్పు రాకూడదన్న మనోభారము, ఈ మూడే వారి బాధలకు కారణములని చెప్పాడు. ఈనాటి సాఫ్ట్‌వేరు ఉద్యోగికి ఆ మాటలలో ఒక్కటి కూడా మార్చనక్కరలేదు.

మన పెద్దలు భాగవతమును నేలమీద పెట్టి, మెడ వంచి చదవలేదు. వ్యాసపీఠము మీద పెట్టి చదివారు. అందులో గ్రంథము పట్ల గౌరవము ఉన్నది, చదివేవారి మెడ పట్ల దయా ఉన్నది. నేలమీద కూర్చొని లెక్కలు రాసిన గుమాస్తాల ముందు వాలుబల్ల ఉండేది. ల్యాప్‌టాప్‌కు కావలసినది ఆ వ్యాసపీఠమే. ఇప్పుడు అల్యూమినియముతో చేసి ‘ల్యాప్‌టాప్ స్టాండు’ అని అమ్ముతున్నారు. అది కొనలేనివారు పాత పోటీపరీక్షల పుస్తకములు నాలుగు పేర్చి పైన పెట్టుకోవచ్చును. పని అయిపోయిన ఆ పుస్తకాలకు అంతకన్న మంచి ఉపయోగము నాకు తోచదు. కాని యంత్రమును ఎత్తుమీద పెట్టి దాని కీబోర్డుతోనే టైపు చేస్తే ఫలితము లేదు. విడి కీబోర్డు, విడి మౌసు బల్లమీద మోచేతి ఎత్తులో ఉండాలి. ఈ ఏర్పాటు చేసుకొన్న ల్యాప్‌టాప్ దాదాపుగా డెస్క్‌టాప్ అవుతుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పనిచేసేవారు దానికి పెద్ద తెరను తగిలించుకొంటే ఇంకా మేలు.

తెర చేయి చాపినంత దూరములో ఉండాలి. ఇక్కడ నలభై దాటినవారికి ఒక మాట. మీరు రెండు చూపుల అద్దాలో, ప్రోగ్రెసివ్ అద్దాలో వాడుతుంటే తెరను కంటి ఎత్తులో పెట్టవద్దు. దగ్గరి చూపు అద్దము అడుగున ఉంటుంది కాబట్టి గడ్డము పైకెత్తి చూస్తారు. మెడ ఈసారి వెనక్కి విరుగుతుంది. మీ తెర మరి కొన్ని అంగుళాలు కిందనే ఉండాలి, లేదా కంప్యూటరు దూరానికి విడిగా ఒక కళ్ళజోడు చేయించుకోవాలి.

కళ్ళు

మామూలుగా మనము నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాము. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కొక్కరిలో అంతకన్న తక్కువకు పడిపోతుంది. రెప్ప పడనప్పుడు కన్నీటిపొర ఆరిపోయి మంట, ఇసుక పడ్డట్టు గరగర, చూపు మసక కలుగుతాయి. ఈ విషయములో ల్యాప్‌టాప్‌కు ఒక మంచి మార్కు వేయాలి. కిందికి చూసినప్పుడు పైరెప్ప కంటిని ఎక్కువగా కప్పుతుంది, తడి నిలుస్తుంది. డెస్క్‌టాప్ తెరను కంటి కంటె ఎత్తున పెట్టుకొనేవారి కళ్ళు త్వరగా ఆరిపోతాయి. కాని 14 అంగుళాల తెరపై చిన్న అక్షరాల కోసము ముందుకు వంగి చూడడము కంటికీ మెడకూ చేటే. 22, 24 అంగుళాల తెర దూరాన ఉండి చదివిస్తుంది. ఏది కొన్నా అక్షరాలను పెద్దవి చేసుకోండి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరములో ఉన్నదానిని ఇరవై సెకన్లు చూడండి. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలనీయవద్దు.

నీలికాంతిని ఆపే కళ్ళజోళ్ళను గురించి చాలామంది అడుగుతారు. 17 పరీక్షలను సమీక్షించి 2023లో కోక్రేన్ సంస్థ వెలువరించిన నివేదికలో, మామూలు అద్దాలతో పోలిస్తే వాటి వలన కంటి అలసట తగ్గినట్టు తేలలేదు. ఆ డబ్బుతో విడి కీబోర్డు వస్తుంది.

ఒడి

పేరులో ఒడి ఉన్నంతమాత్రాన ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకోవలసిన పని లేదు. కాశ్మీరులో చలికాలము ఫేరన్ అనే వదులు అంగీ లోపల కాంగ్రీ అనే కుంపటి పెట్టుకొంటారు. ఏళ్ళ తరబడి ఆ సెగ తగిలిన చర్మముపై వలలాంటి గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. కొందరిలో అక్కడ చర్మపు క్యాన్సరు కూడా వస్తుందని 19వ శతాబ్ది నుంచి వైద్యులకు తెలుసు. ఆ వలమచ్చలే 2010లో స్విట్జర్లాండు వైద్యులు ఒక పన్నెండేళ్ళ పిల్లవాని ఎడమతొడపై చూశారు. ఆ పిల్లవాడు కొన్ని నెలలుగా రోజూ గంటల తరబడి ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని ఆటలాడాడు. భయపడవద్దు, సెగ మానితే తొలిదశలోని మచ్చ చాలావరకు తగ్గిపోతుంది. 2005లో అమెరికాలో 29 మంది యువకులపై జరిపిన మరో పరిశీలనలో, గంటసేపు ఒడిలో ల్యాప్‌టాప్ ఉంటే వృషణముల దగ్గర ఉష్ణోగ్రత రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. దీనివలన సంతానము కలుగదని ఆ పరిశీలన నిరూపించలేదు. సంతానము కోరే యువకుడు ఆ గంటసేపు యంత్రమును బల్లమీద పెట్టుకొంటే పోయేదేమీ లేదు. పరుపుమీద, రజాయిమీద పెట్టడము కూడా మంచిది కాదు. గాలి ఆడే రంధ్రములు మూసుకుపోయి యంత్రము కాగిపోతుంది.

డెస్క్‌టాప్ కొన్నంతమాత్రాన కూర్చోవడము వలన వచ్చే బాధలు తప్పవు. 1940లో లండనుపై బాంబులు పడుతున్న రోజులలో, ఆశ్రయములలో మడతకుర్చీలపై రాత్రంతా కూర్చున్నవారిలో కొందరు కాలిసిరలలో రక్తము గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరి మరణించారు. 2003లో న్యూజీలాండు వైద్యులు అటువంటి ప్రమాదమునే రోజంతా కంప్యూటరు ముందు కూర్చొనే ఒక యువకునిలో చూసి ప్రచురించారు. ఇది అరుదైన సంగతే. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయడము మాత్రము ఎవరికైనా సాధ్యమే. చేతికి అందేంత దూరములో పెద్ద నీళ్ళసీసా పెట్టుకోవద్దని నేను చెబుతాను. చిన్న గ్లాసు పెట్టుకోండి, నింపుకోవడానికైనా లేస్తారు.

2020 నుంచి ఇల్లు, కచేరి ఒకటైపోయాయి. అమెరికా వేళలకు పనిచేసే మన పిల్లలు హైదరాబాదులో, విశాఖలో అర్ధరాత్రి దాటాక కూడా మంచముపై ల్యాప్‌టాప్ తెరచుకొని ఉంటారు. బల్లమీది కంప్యూటరు వద్ద నుంచి లేచినవాడు పని నుంచి లేచినట్టే. ల్యాప్‌టాప్ మాత్రము భోజనానికి, పడకకు వెంట వస్తుంది. నిద్రలేమితో బాధపడేవారికి మందు రాసే ముందు, ల్యాప్‌టాప్‌ను పడకగదిలోకి తీసుకువెళ్ళవద్దని చెప్పి చూడాలి. పిల్లలున్న ఇంట్లో డెస్క్‌టాప్‌ను నలుగురూ తిరిగే హాలులో పెడితే, వారేమి చూస్తున్నారో అడగవలసిన అవసరము చాలావరకు ఉండదు.

ల్యాప్‌టాప్ పక్షాన కూడా న్యాయమున్నది. కరెంటు పోతే గంటల తరబడి నడుస్తుంది. డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టినా పది పదిహేను నిమిషములు మించి రాదు. విద్యుత్తు తక్కువ వాడుతుంది. ఇద్దరు ముగ్గురు ఉండే హాస్టలుగదిలో డెస్క్‌టాప్‌కు చోటు లేదు. ఆ పిల్లలు సంచిని రెండు భుజాలకూ తగిలించుకోవాలి. ఛార్జరుతో కలిసి రెండు కిలోలు దాటే బరువును ఒక్క భుజాన వేసుకొని తిరగడము మంచిది కాదు.

చివరగా నా ఈడువారికి. విదేశాలలో ఉన్న పిల్లలతో మాట్లాడడానికి, పత్రికలు చదవడానికి, బ్యాంకు పనులకు మనకు పెద్ద తెర, పెద్ద అక్షరాలు, మంచి మౌసు కావాలి. చేయి కాస్త వణికేవారికి ల్యాప్‌టాప్‌లోని స్పర్శఫలకము పెద్ద పరీక్ష. కాబట్టి పిల్లలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌తో సరిపెట్టుకోకుండా డెస్క్‌టాప్ అడగండి. అమర్చడానికి వచ్చిన అబ్బాయిని మాత్రము ఊరికే పంపకండి. వైర్లన్నీ గోడవైపు కట్టించి, నడిచే దారిలో ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి. డెబ్బై ఏళ్ళు దాటాక వైరు కాలికి చుట్టుకొని పడితే విరిగేది తుంటి ఎముక.